వాయిదా తప్పిన ఇల్లు

ఇండియా నుంచి వచ్చే చుట్టాలకు మా రోచెస్టర్ చుట్టుపక్కల చూడవలసింది నయాగరా ఒక్కటే. అది చూసి వచ్చాక ఇంకొక రోజు చేతిలో మిగిలితే, ముప్పావు గంట కారు ప్రయాణంలో పాల్‌మైరా ఊరు దాటి, దక్షిణంగా స్టాఫర్డ్ రోడ్డు మీద ఉన్న ఒక పాత రైతు ఇంటికి వాళ్ళను తీసుకువెళ్ళడం నాకు అలవాటయింది. నయాగరా చూసిన కళ్ళకు అక్కడ పెద్దగా ఏమీ ఆనదు. ఒక చెక్క ఇల్లు, కొంత దూరంలో దుంగలతో కట్టిన చిన్న ఇల్లు, పొలాలు, వెనక ఒక అడవి తోపు, అంతే. టిక్కెట్టు లేదు. సంఘం తరఫున సేవకు వచ్చిన ఇరవై, ఇరవై రెండేళ్ళ అమ్మాయిలు నవ్వుతూ ఎదురువచ్చి దగ్గరుండి అన్నీ చూపిస్తారు.

1820లలో అక్కడ కాపురమున్నది జోసెఫ్ స్మిత్, లూసీ మాక్ దంపతులు, వాళ్ళ పిల్లలు. కొడుకుల్లో మూడోవాడైన జోసెఫ్‌కు తండ్రి పేరే పెట్టారు. పద్నాలుగేళ్ళ వయసులో, 1820 వసంతంలో, ఇంటి దగ్గరి తోపులో తనకు దైవదర్శనం అయిందని ఆ కుర్రవాడు తరవాత చెప్పాడు. దేవదూత ఆనవాలు చెప్పిన చోట, దగ్గరలోని గుట్టలో, బంగారు రేకుల మీద రాసిన గ్రంథం ఉందనీ, 1827లో దానిని తెచ్చి అనువదించాననీ చెప్పాడు. అదే మోర్మన్ గ్రంథం. 1830 మార్చిలో పాల్‌మైరా ఊళ్ళోనే 5,000 ప్రతులు అచ్చయింది. ఆ మరుసటి నెలలో మొదలైన సంఘానికి తెలుగులో ఇప్పుడున్న అధికారిక నామం యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము. మోర్మన్లు అని పిలవవద్దని ఆ సంఘం కొన్నేళ్ళుగా కోరుతోంది గానీ లోకానికి ఆ పేరే నోటికి పట్టేసింది.

నాలుగేళ్ళ కిందట మా బాబాయి వచ్చాడు. గుంటూరు జిల్లాలో రిజిస్ట్రేషన్ శాఖలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయిన మనిషి. దేవుడు ఎవరికి ఎక్కడ కనిపించాడన్నది ఆయనకు పెద్దగా పట్టదు, కానీ భూమి ఎవరిదన్నది మాత్రం వెంటనే పడుతుంది. చెక్క ఇంటి వంటగదిలో నిలబడి, మాకు ఇల్లు చూపిస్తున్న అమ్మాయి పొయ్యి దగ్గర రాళ్ళు తీసి బంగారు రేకులను ఎలా దాచారో చెబుతుంటే, ఆయన నా చెవిలో, "ఒరేయ్, ఈ స్థలం వీళ్ళ సొంతమేనా? దస్తావేజు ఎవరి పేర ఉందో ఆ పిల్లనడుగు" అన్నాడు. నేను కాస్త మొహమాటపడుతూనే అడిగాను. ఆ అమ్మాయి దాచకుండా, "లేదండీ, వాళ్ళు పూర్తిగా కట్టలేకపోయారు. తరవాత అద్దెకున్నారు" అని చెప్పి పై గదిలోకి దారి తీసింది.

ఆ ఒక్క వాక్యం గురించే ఈ వ్యాసం. ఆ స్థలంలో ముందుగా, తీరుబడిగా చెప్పవలసిన కథ అదేననీ, తోపూ గుట్టా దాని వెనక రావాలనీ, అలా చెబితే మతానికి వచ్చే నష్టమేమీ లేదు సరికదా ఆ మనుషులు ఇంకా బాగా అర్థమవుతారనీ నా వాదన. నేను ఆ సంఘం మనిషిని కాను, ఆ దర్శనాల నిజానిజాలు తేల్చే అర్హతా కోరికా నాకు లేవు.

భూమి పోగొట్టుకోవడం స్మిత్ కుటుంబానికి పాల్‌మైరాలోనే మొదలవలేదు. 1796లో పెళ్ళయ్యేనాటికి వెర్మాంట్ రాష్ట్రంలోని టన్‌బ్రిడ్జిలో జోసెఫ్ పెద్దాయనకు సొంత పొలముంది. కొన్నేళ్ళకు ఆయన వ్యవసాయం నుంచి దుకాణంలోకి, దుకాణం నుంచి ఎగుమతిలోకి దిగాడు. ఆ కొండల్లో దొరికే జిన్‌సెంగ్ అనే మందుమొక్క వేళ్ళకు చైనాలో మంచి గిరాకీ ఉండేది. సరుకు ఓడకెక్కింది, అక్కడ అమ్ముడుపోయింది కూడా, కానీ మధ్యలోని మనిషి లాభం ఎగవేయడంతో డబ్బు వీళ్ళకు చేరలేదు. దుకాణానికి అరువు తెచ్చిన సరుకు బాకీ తీర్చడానికి పొలాన్ని 800 డాలర్లకు అమ్మేశారు. అదీ చాలక, పెళ్ళి కానుకగా వచ్చి లూసీ అంతవరకూ ముట్టుకోకుండా దాచుకున్న 1,000 డాలర్లు తీసి ఇచ్చింది. మన ఇళ్ళలో పసుపుకుంకుమల కింద వచ్చిన సొమ్ము ఎలా పోతుందో తెలిసినవాళ్ళకు ఈ కథ కొత్త కాదు. అప్పు తీరింది, పరువు నిలిచింది, సెంటు భూమి మిగలలేదు.

ఆ తరవాత పన్నెండు, పదమూడేళ్ళు ఊరూరా కౌలు బతుకు. ప్రవక్తగా పేరుపొందిన కొడుకు 1805 డిసెంబరు 23న షారన్‌లో పుట్టింది కూడా తాత సాలమన్ మాక్ దగ్గర కౌలుకు తీసుకున్న పొలంలోనే. అక్కడ సంఘంవారు 1905లో, ఆయన బతికిన ఏళ్ళకు గుర్తుగా ఏడాదికొక అడుగు చొప్పున, ముప్పై ఎనిమిదిన్నర అడుగుల ఏకశిలా గ్రానైట్ స్తంభం నిలబెట్టారు. కౌలుదారుడి కొడుకు పుట్టిన చోట అంత పెద్ద రాయి నిలబెట్టడం నాకు ఒకవైపు ముచ్చటగానూ, మరొకవైపు కొంచెం ఎబ్బెట్టుగానూ ఉంటుంది. తరవాత న్యూహాంప్‌షైర్‌లో పిల్లలందరికీ టైఫాయిడ్ వచ్చింది. చిన్న జోసెఫ్ కాలి ఎముకకు పట్టిన చీము వల్ల కాలే తీసేయవలసిన పరిస్థితి వస్తే, డార్ట్‌మత్ వైద్యుడు నేథన్ స్మిత్ ఎముక ముక్కలు తీసి కాలు కాపాడాడు. మళ్ళీ వెర్మాంట్. వరసగా పంటలు పోయాయి. ఇండోనేసియాలో టంబోరా అగ్నిపర్వతం 1815లో పేలిన ఫలితంగా 1816లో ఆ ప్రాంతాలకు ఎండాకాలమే రాలేదు, జూన్‌లో మంచు కురిసింది. ఆ దెబ్బతో ఎందరో వెర్మాంట్ రైతుల్లాగే వీళ్ళూ పడమటి న్యూయార్క్‌కు బయలుదేరారు.

పాల్‌మైరా చేరాక రెండేళ్ళు కూలీనాలీ చేశారు. తండ్రీ పెద్దకొడుకులూ బావులు తవ్వారు, పీపాలు బిగించారు, కోతలకు వెళ్ళారు. లూసీ మైనపుగుడ్డల మీద రంగులతో పూలు వేసి అమ్మింది, ఇంట్లో చేసిన కేకులు, మొక్కల వేళ్ళతో కాచిన పానీయం కూడా అమ్మేవారు. అప్పుడు ఊరికి దక్షిణాన నూరెకరాల అడవి బేరానికి వచ్చింది. నికొలాస్ ఎవర్ట్‌సన్ అనే న్యాయవాది చనిపోయాక ఆయన వారసుల తరఫున కానన్‌డైగ్వాలో ఉండే ఒక ఏజెంటు అమ్ముతున్న భూమి అది. వెల 600, 700 డాలర్ల మధ్య, ఏడాదికి సుమారు వంద డాలర్ల వాయిదాలు.

ఈ వాయిదాల పద్ధతి గురించి బాబాయికి నేను చెప్పనక్కరలేకపోయింది, ఆయనే నాకు చెప్పాడు. దానిని ఆయన తన ఆఫీసు భాషలో స్వాధీనపు అగ్రిమెంటు అన్నాడు. భూమి కొనేవాడి స్వాధీనంలోకి వస్తుంది. చెట్లు కొట్టుకుంటాడు, దున్నుకుంటాడు, ఇల్లు కట్టుకుంటాడు. దస్తావేజు మాత్రం చివరి పైసా చేరేదాకా అమ్మేవాడి పేరనే ఉంటుంది. వాయిదా తప్పితే అగ్రిమెంటు రద్దు. అప్పటిదాకా కట్టిన డబ్బుకూ, అడవిని పొలంగా మార్చిన చాకిరీకీ, కట్టిన ఇంటికీ చట్టం దృష్టిలో విలువ లేదు. అంటే రైతు ఎంత బాగా పనిచేస్తే, వాయిదా తప్పిన రోజున అంత ఎక్కువ పోగొట్టుకుంటాడు. కొత్తగా జనం చేరుతున్న ప్రాంతాల అడవులు చాలా వరకూ ఇలాంటి కాగితాల మీదే పొలాలయ్యాయి.

స్మిత్‌లు ఎంత బాగా పనిచేశారో ఆ నేల చెబుతుంది. మొదటి ఏడాదిలోనే ముప్పై ఎకరాల అడవి కొట్టారని లూసీ తరవాత చెప్పి రాయించింది, చివరకు అది అరవై ఎకరాలయిందని చిన్నకొడుకు విలియం జ్ఞాపకం. ట్రాక్టరు లేని రోజుల్లో, గొడ్డళ్ళతో, మనిషి రెండు చేతులు చాపినా అందనంత మానులను పడగొట్టడమది. ఇవికాక పన్నెండు, పదిహేను వందల మేపుల్ చెట్లకు గాటు పెట్టి రసం తీసి, ఏటా సుమారు వెయ్యి పౌన్ల చక్కెర వండేవారట. మా ఊరి దగ్గర మార్చిలో ఆ వంట ఇప్పటికీ చూడవచ్చు. రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజుల్లోనే చెట్టు రసమిస్తుంది. నీళ్ళలా ఉండే ఆ రసం సుమారు నలభై పాళ్ళు మరిగితే ఒక పాలు పాకం వస్తుంది, ఇంకా మరిగి ముదురుపాకమైతేనే చక్కెర గట్టిపడుతుంది. అనకాపల్లి బెల్లం వంట చూసినవాళ్ళకు ఆ ఆవిరీ, ఆ నురగా, గరిటె ఎత్తి పాకం జారడం చూసే ఆ చూపూ వెంటనే గుర్తుపడతాయి. అయితే చెరకు రసానికి ఇంత కట్టె అక్కరలేదు. వెయ్యి పౌన్ల చక్కెర అంటే ఎన్ని రాత్రుల నిద్ర, ఎన్ని బండ్ల కట్టె అన్నది లెక్క వేస్తే, 1833లో పాల్‌మైరా, దాని పక్కనున్న మాంచెస్టర్ వాసులు కొందరు సంతకాలు చేసిన ప్రమాణపత్రాలలో ఈ కుటుంబాన్ని సోమరులన్న మాట నాకు మింగుడుపడదు. ఆ పత్రాలు సేకరించింది సంఘం వెలివేసిన ఒక మాజీ సభ్యుడు. కసి ఉన్న మనిషి పోగుచేసినంత మాత్రాన అన్నీ అబద్ధమని కొట్టిపారేయలేం, పాతిన నిధుల కోసం జోసెఫ్ వెతికిన సంగతి వాటిలో ఉంది, అది నిజమే. కానీ సోమరితనం మాటకు సమాధానం ఆ పొలంలోనే ఉంది.

మొదట కట్టుకున్న దుంగల ఇంటిలో పదకొండు మంది ఉండేవారు. ఆ ఇల్లు వాళ్ళు కొన్న నూరెకరాలలో లేదు, పొరపాటునో తెలిసో హద్దుకు అవతల కట్టారు. 1820 జూన్‌లో రోడ్డు సర్వే చేసినవాళ్ళు హద్దు రేఖను గుర్తు పెట్టడానికి జోసెఫ్ స్మిత్ ఇంటి నుంచి 3 రాడ్లు, 14 లింకులు అని రాసుకున్నారు, మన కొలతలో 59 అడుగులు. నూట అరవై ఏళ్ళ తరవాత, 1982లో, పురావస్తు నిపుణులు ఆ పాత ఇంటి జాడ కోసం తవ్వినప్పుడు ఆ సర్వే రాత దారి చూపింది. 1998లో అదే చోట కొత్త దుంగలతో ఇల్లు తిరిగి కట్టారు. చక్కగా కట్టారు, మంచాలకు తాళ్ళు కూడా బిగించారు. కానీ అక్కడికంటే చెక్క ఇంట్లోనే నా కాళ్ళు ఎక్కువసేపు నిలుస్తాయి. దుంగల ఇల్లు ఒక ఊహకు చేసిన రూపం, ఎంత నిజాయితీగా చేసినా. చెక్క ఇంటి అస్థిపంజరం మాత్రం వాళ్ళు నిలబెట్టినదే.

ఆ ఇంటిని తలపెట్టింది పెద్దకొడుకు ఆల్విన్. రెండో వాయిదా సొమ్ము కోసం బయట కూలికి వెళ్ళి సంపాదించి తెచ్చినవాడు కూడా అతనే. అమ్మానాన్నలు ముసలితనంలో సుఖంగా కూర్చోవడానికి ఒక మంచి గది ఉండాలని అతని కోరిక. గోడలు లేచాయి గానీ ఇల్లు పూర్తి కాలేదు. 1823 నవంబరులో కడుపునొప్పితో పడిపోయాడు. మామూలుగా చూసే డాక్టరు అందుబాటులో లేక మరొకరిని పిలిచారు. ఆయన ఆ కాలపు అలవాటు ప్రకారం కాలొమెల్, అంటే పాదరసపు మందు, పెద్ద మోతాదులో ఇచ్చాడు. అది కడుపులోనే గడ్డకట్టి ఉండిపోయింది. నాలుగైదు రోజుల్లో, నవంబరు 19న, ఇరవై అయిదేళ్ళ ఆల్విన్ చనిపోయాడు. ఇంటిని ఎలాగైనా పూర్తిచేయమని తమ్ముడు హైరమ్‌కు చెప్పి పోయాడు.

బాప్తిస్మం లేకుండా పోయాడు కాబట్టి నరకానికే వెళ్ళి ఉంటాడన్న అర్థం వచ్చేలా అంత్యక్రియల్లో పాదిరి మాట్లాడాడని విలియం ముసలితనంలో గుర్తుచేసుకున్నాడు. ఆ మాట ఆ ఇంట్లో ఎంతకాలం కుట్టిందో ఊహించడం కష్టం కాదు. పన్నెండేళ్ళ తరవాత, 1836 జనవరిలో, ఒహాయోలో, పరలోకపు అత్యున్నత మహిమలో ఆల్విన్ తనకు కనిపించాడని జోసెఫ్ చెప్పాడు. 1840 నుంచి చనిపోయినవాళ్ళ తరఫున బతికున్నవాళ్ళు బాప్తిస్మం తీసుకునే ఆచారం మొదలైంది. ఆ ఆచారానికి పూర్వీకుల పేర్లు కావాలి, అందుకే వంశవృక్షాల పిచ్చి ఆ సంఘంలో ఇంతగా పెరిగింది. 1894లో వంశచరిత్ర సంస్థ పెట్టారు, ప్రపంచమంతా తిరిగి రికార్డులు ఫిలిం తీశారు, హరిద్వార్ పండాల బహీలతో, అంటే వంశాల చిట్టాలతో సహా. గయలో గోత్రనామాలు చెప్పి పిండం పెట్టే మనకు, పోయినవాడి కోసం బతికున్నవాడు చేసే కర్మ అనేది వింతగా తోచదు. రెండూ ఒకటే అనడం లేదు, వాటి వెనకున్న తత్త్వాలు వేరు. ఏమైనా ఆ మహా యంత్రాంగపు తొలి కదలికల్లో ఒకటి స్టాఫర్డ్ రోడ్డు మీద సగం కట్టిన ఇంటి ముందున్న పాడె దగ్గర ఉందని నా నమ్మకం. వంశచరిత్ర కోసం ఆ సైటుకు వచ్చే సందర్శకుడికి చూపించవలసిన మొదటి గది, ఆల్విన్ ఎన్నడూ కూర్చోని ఆ ముందుగది.

ఆల్విన్ పోవడంతో వాయిదాలకు సంపాదించే ప్రధానమైన చేయి పోయింది. అంతకుముందే ఏజెంటు చనిపోయి కొత్త ఏజెంటు వచ్చాడు. 1825 నాటికి చివరి చెల్లింపు డిసెంబరు 25న కట్టాలి. ఇక్కడ తేదీలు పక్కపక్కన పెట్టి చూడాలి. 1825 శరదృతువులో జొసయ్య స్టోవెల్ అనే సంపన్న రైతు పెన్సిల్వేనియాలోని హార్మొనీలో పాతిపెట్టిన స్పానిష్ వెండి కోసం తవ్వడానికి జోసెఫ్‌ను కుదుర్చుకున్నాడు. తండ్రీ కొడుకూ ఇద్దరూ వెళ్ళారు. నిధులు తవ్వేవాడివట కదా అని తరవాత ఎవరో అడిగితే, నిజమే కానీ నెలకు 14 డాలర్లే వచ్చేవి, ఏమంత లాభసాటి పని కాదని జోసెఫ్ జవాబిచ్చాడు. భక్తులు ఈ ప్రస్తావనకు ఇబ్బందిపడతారు, విమర్శకులు ఎగిరి గంతేస్తారు. వాయిదా తేదీ తెలిసిన నాకు అందులో డిసెంబరు భయమే ముందు కనబడుతుంది. వెండి దొరకలేదు. హార్మొనీలో వాళ్ళు దిగిన ఇల్లు ఐజక్ హేల్‌ది, ఆయన కూతురు ఎమ్మా. 1827 జనవరిలో జోసెఫ్ ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. మోర్మన్ గ్రంథానికి మొదటి లేఖకులలో ఆమె ఒకరు, ఆ అనువాదం చాలా భాగం జరిగిందీ హార్మొనీలోనే. బాకీ వల్లే మతం పుట్టిందని నేను అనను. అప్పుల్లో ఉన్న రైతులు ఆ జిల్లా నిండా ఉన్నారు, వాళ్ళెవరికీ దేవదూతలు కనిపించలేదు. కానీ ఆ కుర్రవాడిని హార్మొనీ దారి పట్టించినవాటిలో చివరి వాయిదా ఒకటి. ఆ కథను పక్కకు నెట్టి దర్శనాలను మాత్రమే చెప్పడమంటే, మనిషిని నేల మీదినుంచి ఎత్తి పటంలో బిగించడమే.

ఇంక ఇల్లు పోయిన తీరు. స్టోవెల్, ఆయన స్నేహితుడు నైట్ గోధుమల కోసం వచ్చారు. బేరం కుదిరింది, ఆ డబ్బుతో చివరి బాకీ తీరిపోతుందని ధైర్యం వచ్చింది. ఈలోగా కొత్త ఇంటికి పనిచేసిన వడ్రంగి, ఇల్లు తనకు అమ్మమని అడిగి కాదనిపించుకున్నవాడు, ఏజెంటు దగ్గరికి వెళ్ళి స్మిత్‌లు మేపుల్ తోపును నరికేస్తున్నారనీ, కంచెలు కాల్చేస్తున్నారనీ చెప్పి భూమిని తన పేర రాయించుకున్నాడని లూసీ కథనం. కబురు విని కుర్చీలో కూలబడిపోయానని ఆమె చెప్పింది. ఒక డాక్టరు వాళ్ళు కష్టజీవులని కాగితం రాసి, గంటలో అరవై మంది చేత సంతకాలు పెట్టించాడట. ఆ అరవై సంతకాల కాగితం లూసీ జ్ఞాపకంలోనే ఉంది, సోమరులన్న పత్రాలు మాత్రం అచ్చులో ఉన్నాయి. ఏజెంటు మెత్తబడ్డా, వడ్రంగి పక్షం గడువులోగా 1,000 డాలర్లు తెస్తేనే భూమి వదులుతామంది. చివరికి లెమ్యుయెల్ డర్ఫీ అనే, క్వేకర్ క్రైస్తవ శాఖకు చెందిన పెద్దమనిషి 1825 డిసెంబరు 20న 1,135 డాలర్లిచ్చి భూమి కొన్నాడు. స్మిత్‌లను ఖాళీ చేయమనలేదు, కౌలుదారులుగా ఉండనిచ్చాడు. కౌలు కింద శామ్యూల్ అనే కొడుకు ఆయన దగ్గర ఆరు నెలలు పనిచేశాడు. 1829 వసంతంలో ఆ ఇల్లు వదిలి మళ్ళీ దుంగల ఇంటికి చేరారు. తరవాత ఒకటి రెండేళ్ళకు ఆ ఊరే వదిలేశారు.

కాబట్టి, పొయ్యి దగ్గరి రాళ్ళ కింద బంగారు రేకులు దాచిన 1827 నాటికి ఆ పొయ్యి స్మిత్‌లది కాదు. ఆ అమ్మాయి చూపించినది కౌలు ఇంటి పొయ్యి. ఈ సంగతి తెలిశాక ఆ గది నాకు ఇంకొకలా కనిపించింది. మా తాత కృష్ణా కాలువ కింద కౌలుకు చేసిన చేలో గట్టున పెంచిన మామిడి చెట్లను, భూమి చేతులు మారాక ఆయన రోడ్డు మీద నిలబడి చూసేవాడని నాన్న చెప్పేవాడు. ఆ చూపు లాంటిది ఏదో ఆ ఇంట్లో నాకు తగిలింది.

బాబాయి ప్రశ్నను ఇంకాస్త వెనక్కి లాగితే ఎవర్ట్‌సన్‌కు మాత్రం ఆ భూమి ఎక్కడిదన్న మాట వస్తుంది. అది అక్కడి ఆదివాసులైన సెనెకా జాతివాళ్ళ నేల. 1779లో అమెరికా సైన్యం సల్లివన్ నాయకత్వంలో వాళ్ళ ఊళ్ళనూ పంటలనూ తగలబెట్టింది. 1788లో ఫెల్ప్స్, గోరమ్ అనే ఇద్దరు వ్యాపారులు ఇరవై లక్షల ఎకరాలకు పైగా కొన్నామని కాగితం రాయించుకున్నారు. ముక్కలు ముక్కలుగా అమ్ముడవుతూ వచ్చిన ఆ కాగితపు వరసలో స్మిత్‌ల నూరెకరాలు ఒక చిన్న కొస. గొలుసు దస్తావేజులు చూసే అలవాటున్న మనిషి అక్కడ ఆగక తప్పదు.

1907లో సంఘం తరఫున జార్జ్ ఆల్బర్ట్ స్మిత్ ఆ పొలాన్ని చాప్‌మన్ అనే రైతు నుంచి 20,000 డాలర్లకు కొన్నాడు. 1915లో విల్లార్డ్ బీన్ అనే మాజీ బాక్సరునూ ఆయన భార్యనూ అక్కడ కాపురానికి పంపారు. ఊరివాళ్ళు మొదట వాళ్ళను దగ్గరికి రానివ్వలేదు, అయినా ఇరవై నాలుగేళ్ళు ఉన్నారు. దస్తావేజు దక్కని కుటుంబం పేరుమీద ఆ భూమి ఇవాళ ప్రపంచానికి తెలుసు, దస్తావేజు ఉన్న డర్ఫీ పేరు ఆ రోడ్డున వెళ్ళేవాళ్ళలో నూటికి ఒక్కరికి తెలియదేమో. డర్ఫీ కోసం ఒక చిన్న పలకైనా పెట్టవచ్చని నాకనిపిస్తుంది. ఆయన దయ లేకపోతే పొయ్యి కథే లేదు. హైదరాబాదులోనూ ఆ సంఘానికి 1978 నుంచి శాఖలున్నాయి. సమోవాలో ఉంటూ ఆ మతంలో చేరిన ఒక తెలుగు దంపతులు తమ బంధువుల కోసం అక్కడికి మిషనరీలుగా వచ్చారు. వాళ్ళ ద్వారా ఈ ఇంటి కథ విన్న తెలుగువాళ్ళకు కౌలు అనే మాట ఒకటి కలిపి చెప్పి ఉంటే, మిగతాదంతా వాళ్ళే అల్లుకుని ఉండేవారు.

ఆ రోజు తిరిగివస్తూ ఊళ్ళోని జాన్ స్విఫ్ట్ శ్మశానంలో ఆల్విన్ సమాధి దగ్గర ఆగాము. కుటుంబం జ్ఞాపకాల్లో అతను పోయిన ఏడాది 1824గా పడింది, అది 1823 అని సరిచేసింది అక్కడి రాయే. అతని శవాన్ని ఎవరో కోత కోయడానికి ఎత్తుకుపోయారన్న పుకారు పుడితే, 1824 సెప్టెంబరులో తండ్రి ఇరుగుపొరుగును వెంటబెట్టుకుని సమాధి తవ్వించి, శవం కదలలేదని ఊరి పత్రికలో ప్రకటన వేయించవలసి వచ్చింది. బాబాయి ఇదంతా విని చాలాసేపు మాట్లాడలేదు. కారు ఈరీ కాలువ వంతెన ఎక్కుతుండగా, "ఇంతకీ గోధుమల బేరం కుదిరిందన్నావు కదా, ఆ డబ్బు చేతికి రాకముందే ఆ వడ్రంగి కాగితం రాయించుకున్నాడా?" అని అడిగాడు. అవునన్నాను. "ఎన్ని రోజుల తేడా?" అన్నాడు.